గుడారం వేసే నేల ఎవరిది? అమెరికా అడవుల్లో ఉచిత క్యాంపింగ్ లెక్క

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున, నేషనల్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక టెంటుకు జాగా దొరకాలంటే నెలల ముందే బుకింగ్ సైట్ ముందు కూర్చోవాలి. లాంగ్ వీకెండ్ అయితే ఆశ వదులుకోవడమే మంచిది. ఆ పార్కు గేటుకు కొద్దిగా ఇవతల టుసాయన్ అనే చిన్న ఊరుంది. ఊరి పక్కనుంచి 302 నంబరు మట్టిరోడ్డు తూర్పుకు, పైన్ చెట్లలోకి పోతుంది. హైవేకీ ఊరికీ తగినంత దూరం వెళ్లాక, అంతకుముందు ఎవరో రాళ్లు పేర్చి మంట వేసుకున్న గుర్తులున్న చోట కారు ఆపి టెంటు వేసుకుంటే ఒక్క డాలరు కూడా కట్టక్కర్లేదు. బుకింగ్ లేదు, గేటు లేదు, పేరు రాసుకునేవారూ లేరు. చెట్లు అవే, చలి అదే, రాత్రి తలెత్తితే కనిపించే చుక్కలూ అవే. మారింది భూమి యజమాని ఒక్కరే. గేటు లోపల నేషనల్ పార్క్ సర్వీస్. గేటు బయట కైబాబ్ నేషనల్ ఫారెస్ట్, అంటే ఫారెస్ట్ సర్వీస్.

అమెరికాలో ఉచితంగా టెంటు వేసుకునే చోటు వెతకడమంటే అందమైన జాగా వెతకడం అనుకుంటారు చాలామంది. మొదట చూడాల్సింది అందం కాదు. ప్లాటు కొనే ముందు ఈసీ తీసి, లింకు డాక్యుమెంట్లు చూసి, దారి హక్కు ఉందో లేదో కనుక్కుంటాం కదా, ఇదీ అలాంటి పనే. ఈ నేల ఎవరిది? ఇక్కడిదాకా బండి రావచ్చా? ఈ వారం ఏదైనా ఆంక్ష ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే చోటు దాదాపు దొరికినట్టే. ఎవరో యాప్‌లో పెట్టిన పిన్ను పట్టుకుని ఈ మూడూ వదిలేస్తే, అర్ధరాత్రి ఎవరి పొలంలోనో టార్చిలైటు వెలుగులో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇలా ఉచితంగా టెంటు వేసుకుని ఉండటాన్ని అక్కడ డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. ప్రిమిటివ్ క్యాంపింగ్ అనే మాట కూడా వాడతారు, కానీ దానితో జాగ్రత్త. చాలా స్టేట్ పార్కుల్లో ప్రిమిటివ్ అంటే కరెంటూ నల్లా లేని సైట్ అని మాత్రమే, దానికి ఫీజు ఉంటుంది. డిస్పర్స్‌డ్ అంటే అసలు క్యాంప్‌గ్రౌండే లేని చోట ఉండటం. బల్ల ఉండదు, నీళ్లుండవు, మరుగుదొడ్డి ఉండదు, చెత్తకుండీ ఉండదు. ఉచితం అనే మాటకు అసలు అర్థం ఇదే: వసతి కల్పించే బాధ్యత ప్రభుత్వం మీద లేదు కాబట్టి ఫీజూ లేదు.

ఎవరికీ పట్టా కాని భూమి

ఇంత భూమి ఎలా మిగిలింది? 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు దున్నుకుని స్థిరపడితే పట్టా ఇచ్చారు. రైలు కంపెనీలకు లైన్లు వేసినందుకు కోట్ల ఎకరాలు ఇచ్చారు. అయినా పడమటి రాష్ట్రాల్లో నీళ్లు లేని ఎడారులూ, ఎక్కలేని కొండలూ ఎవరూ అడగక మిగిలిపోయాయి. మన రెవెన్యూ భాషలో చెప్పాలంటే బంజరు. 1891లో వచ్చిన చట్టంతో అధ్యక్షుడికి అడవులను రిజర్వు చేసే అధికారం వచ్చింది. 1905లో ఆ అడవులు వ్యవసాయ శాఖ కింద కొత్తగా ఏర్పడిన ఫారెస్ట్ సర్వీస్ చేతికి వెళ్లాయి. అడవి కాని మిగతా నేల 1946లో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కిందికి వచ్చింది. అందరూ బీఎల్ఎం అనేది దీన్నే. 1976 దాకా ఈ భూమిని ఎప్పటికైనా ఎవరికో పంచేస్తారనే భావన ఉండేది. ఆ ఏడాది వచ్చిన చట్టం, ఇది సాధారణంగా జాతి చేతిలోనే ఉంటుందని తేల్చింది.

ఇప్పుడు ఫారెస్ట్ సర్వీస్ దగ్గర సుమారు 19.3 కోట్ల ఎకరాలు, బీఎల్ఎం దగ్గర సుమారు 24.5 కోట్ల ఎకరాలు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల మొత్తం విస్తీర్ణం కలిపినా 6.8 కోట్ల ఎకరాలు. అంటే దానికి ఆరు రెట్లు పైన. అయితే ఇది దేశమంతా సమంగా లేదు. నెవాడాలో దాదాపు 80 శాతం భూమి ఫెడరల్ ప్రభుత్వానిది, యూటాలో 60 శాతం పైనే. టెక్సస్‌లో 2 శాతం కూడా లేదు. తూర్పున పరిస్థితి వేరు. అక్కడ భూమి ముందే పట్టా అయిపోయింది. 1911 వీక్స్ చట్టం వచ్చాక ప్రభుత్వం నరికేసిన అడవులను తిరిగి కొనడం మొదలుపెట్టింది. అందుకే తూర్పు వైపు నేషనల్ ఫారెస్ట్ పటం చూస్తే చిల్లులు పడిన దుప్పటిలా ఉంటుంది. ఆకుపచ్చ గీత లోపలే ఎవరివో ఇళ్లు, పొలాలు, వేట క్లబ్బులు కనిపిస్తాయి. గూగుల్ మ్యాప్‌లో అంతా పచ్చగా కనిపించిందని టెంటు దింపేయడం అక్కడ కుదరదు.

ఆంధ్ర, తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లకు ఇక్కడ ఒక పాత అలవాటు అడ్డొస్తుంది. మన దగ్గర రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లడమే 1967 అటవీ చట్టం ప్రకారం తప్పు. అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిది. మారేడుమిల్లిలోనో నల్లమలలోనో రాత్రి ఉండాలంటే డబ్బు కట్టి, వాళ్లు చూపించిన గదిలోనో కాటేజీలోనో ఉండాలి. అంటే ఉండొచ్చని రాయకపోతే కుదరదని మన లెక్క. అమెరికా నేషనల్ ఫారెస్టులో మాత్రం వద్దని రాసి లేకపోతే సాధారణంగా ఉండొచ్చు. చిక్కేమిటంటే, ఆ వద్దు అనేది ప్రతిచోటా బోర్డు మీద కనిపించదు. పటంలోనో, ఆఫీసు వెబ్‌సైట్‌లోని ఆర్డర్‌లోనో ఉంటుంది. బోర్డు లేదు కదా అని వాదిస్తే రేంజర్ వినరు. నేషనల్ ఫారెస్టులో ఇలాంటి ఉల్లంఘనకు 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు విధించే వీలు చట్టంలో ఉంది. మామూలుగా చిన్న చలానాతో పోయే విషయమే అయినా, అది నమోదయ్యేది ఫెడరల్ కేసుగా. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకు?

పేరు చూసి మోసపోకూడదు

నేషనల్ పార్క్, నేషనల్ ఫారెస్ట్ అనే రెండు పేర్లూ ఒకేలా వినిపిస్తాయి కానీ స్వభావాలు వేరు. పార్కు ఉన్నది కాపాడటానికి, చూపించటానికి. అక్కడ రాత్రి బస అంటే క్యాంప్‌గ్రౌండ్ లేదా పర్మిట్. ఫారెస్టులో కలప కొడతారు, పశువులు మేపుతారు, వేటాడతారు, గనులు కూడా తవ్వుతారు. ఇన్ని వాడకాల మధ్య టెంటు వేసుకోవడం ఒక చిన్న వాడకం. ఉచితం అనేది ఎక్కువగా దొరికేది ఇక్కడా, బీఎల్ఎం నేలలోనూ, నేషనల్ గ్రాస్‌ల్యాండ్స్ అనే ప్రభుత్వ గడ్డి భూముల్లోనూ.

వైల్డర్‌నెస్ అనే మాటతో ఇంకా గందరగోళం. మామూలు మాటల్లో అది అడవి, నిర్జన ప్రదేశం. చట్టంలో మాత్రం అదొక హోదా. 1964 సెప్టెంబరు 3న లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టంతో 91 లక్షల ఎకరాలతో మొదలై, ఇప్పుడు 11 కోట్ల ఎకరాలు దాటింది. అక్కడ కారు సంగతి సరే, సైకిల్ కూడా నిషిద్ధం. నడిచి వెళ్లాలి, లేదా గుర్రం మీద. చాలా వైల్డర్‌నెస్‌లలో ఫీజు లేకుండానే రాత్రి ఉండొచ్చు. కానీ జనం ఎక్కువగా వచ్చేవాటికి కోటా పెట్టారు. బే ఏరియావాళ్లకు దగ్గరగా, లేక్ టాహో పక్కనున్న డెసొలేషన్ వైల్డర్‌నెస్‌లో రాత్రి ఉండాలంటే పర్మిట్ కావాలి, ఫీజు కట్టాలి, రోజుకు ఇంతమందే అనే లెక్క ఉంది. దానికి కొంచెం అవతల ఎల్డొరాడో నేషనల్ ఫారెస్టులో మామూలు మట్టిరోడ్డు పక్కన అవేవీ అక్కర్లేదు. పేరులో నిర్జనం ఉన్నచోట క్యూ, పేరు లేనిచోట ఏకాంతం.

స్టేట్ భూములకు రాష్ట్రానికో తీరు. ఆరిజోనాలో హైవే పక్కన ఖాళీగా కనిపించే ఎడారిలో కొంత స్టేట్ ట్రస్ట్ ల్యాండ్. బడుల కోసం ఆదాయం తెచ్చే భూమి అది, ఉండాలంటే పర్మిట్ కొనాలి. పెన్సిల్వేనియా స్టేట్ ఫారెస్టులు 22 లక్షల ఎకరాలు. బ్యాగు వీపున వేసుకుని నడిచి వెళ్లేవాళ్లు ఒకచోట ఒక రాత్రికి మించకుండా ఉంటే పర్మిట్ అక్కర్లేదు, కారు పక్కనే టెంటు వేయాలంటే కావాలి. న్యూజెర్సీలో స్టేట్ ఫారెస్ట్ సైట్లకు రిజర్వేషన్, ఫీజు రెండూ ఉన్నాయి. అందుకే ఎడిసన్ నుంచి ఉచితం వెతుక్కుంటూ వెళ్లే బండి ఉత్తరానికి తిరిగి న్యూయార్క్ రాష్ట్రంలోకి పోవాలి. క్యాట్‌స్కిల్స్, అడిరాండాక్స్ రెండింటిలో కలిపి 30 లక్షల ఎకరాలకు దగ్గరగా స్టేట్ ఫారెస్ట్ ప్రిజర్వ్ ఉంది. ఎప్పటికీ అడవిగానే ఉంచాలని 1894 రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అక్కడ నియమం తేలిక: రోడ్డుకూ, ట్రెయిల్‌కూ, నీటికీ 150 అడుగుల అవతల ఎక్కడైనా. ఇంకా దగ్గరగా ఉండాలంటే పసుపు రంగు బిళ్ల మీద క్యాంప్ హియర్ అని కొట్టిన చెట్టు దగ్గరే. క్యాట్‌స్కిల్స్‌లో 3,500 అడుగుల ఎత్తు దాటితే శీతాకాలం తప్ప టెంటు వేయకూడదు.

అదే చోట మనవాళ్లు తప్పకుండా తట్టుకునే ఇంకో నియమం ఉంది. పదిమంది, అంతకు మించి ఉంటే, లేదా మూడు రాత్రులు దాటితే రేంజర్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. మూడు కుటుంబాలు, పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కలిస్తే పది ఎప్పుడో దాటుతుంది. నేషనల్ ఫారెస్టుల్లో మామూలుగా ఆ గీత 75 మంది దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ గొడవ లేదు. అయితే వైల్డర్‌నెస్‌లో మళ్లీ తగ్గిపోతుంది.

పటం చదవడం

ఇక అసలు పని. మొదట కావాల్సింది భూమి యాజమాన్యం చూపించే పటం. గయా జీపీఎస్, ఆన్‌ఎక్స్, క్యాల్‌టోపో లాంటి యాప్‌లలో ఆ లేయర్ ఉంటుంది. రంగులు బీఎల్ఎం పాత కాగితపు పటాల నుంచి వచ్చిన అలవాటు: పసుపు బీఎల్ఎం, ఆకుపచ్చ ఫారెస్ట్ సర్వీస్, నీలం స్టేట్, తెలుపు ప్రైవేటు. యాప్‌ను బట్టి ఛాయలు మారతాయి కానీ, ఈ నాలుగూ గుర్తుంటే సగం పటం అర్థమవుతుంది. వ్యోమింగ్, నెవాడాలలో రైలు మార్గం వెంట చూస్తే పసుపు, తెలుపు గళ్లు చదరంగం బల్లలా కనిపిస్తాయి. రైలు కంపెనీలకు ఒక చదరపు మైలు ఇచ్చి, పక్కది ఉంచుకుని, మళ్లీ ఒకటి ఇచ్చిన 1860ల పంపకం అది. ప్రతి గడీ 640 ఎకరాలు. అలాంటి చోట మీరు నిలబడిన గడి పసుపే కావచ్చు, అక్కడికి వచ్చిన దారి తెల్ల గడిలోంచి అయితే ఇబ్బందే. ఇలాంటి గళ్ల జోలికి కొత్తవాళ్లు పోకపోవడం మేలు. పెద్ద ముద్దగా ఒకే రంగున్న చోటు చూసుకోవాలి.

రంగు తేలాక రోడ్డు. ఫారెస్ట్ సర్వీస్ 2005లో తెచ్చిన నియమం ప్రకారం ప్రతి నేషనల్ ఫారెస్టూ మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ అనేది వేయాలి. ఎంవీయూఎం అంటారు. ఉచితంగా దొరుకుతుంది, అవెంజా యాప్‌లో దించుకుంటే సిగ్నల్ లేకపోయినా మన చుక్క దాని మీద కదులుతుంది. చూడటానికి పరమ బోరు పటం. నలుపూ తెలుపూ గీతలు, కొండల ఎత్తుల్లేవు, వ్యూ పాయింట్ల గుర్తుల్లేవు. ఉచిత క్యాంపింగ్ కోసం ఒక్క కాగితమే ఎంచుకోమంటే మాత్రం దీన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే చట్టపరంగా చెల్లేది ఇదే. ఇందులో గీత లేని రోడ్డు నేల మీద ఎంత బాగా కనిపించినా బండికి మూసినట్టే. కొన్ని గీతల పక్కన చిన్న చుక్కల వరుస ఉంటుంది. ఆ చుక్కలున్న వైపు, పటంలో రాసిన దూరం దాకా, క్యాంపింగ్ కోసం బండిని రోడ్డు దించవచ్చు. దూరం ఒక్కో ఫారెస్టులో ఒక్కోలా ఉంటుంది, 300 అడుగులు తరచూ కనిపించే అంకె. చుక్కలు లేకపోతే బండి రోడ్డు పక్కనే ఆపి, టెంటు మోసుకుని లోపలికి నడవాలి. పక్కనే ఒక పట్టికలో ఏ రోడ్డు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తెరిచి ఉంటుందో ఉంటుంది. మంచు కురిసే చోట్ల ఈ పట్టిక చూడకుండా మే నెలలో బయల్దేరితే, గేటుకు వేసిన తాళం చూసి వెనక్కి రావాల్సిందే.

కారు సంగతి కూడా పటమూ, రోడ్డు పక్క గుంజా కలిసి చెబుతాయి. ఫారెస్ట్ రోడ్డు మొదట్లో నాటిన నంబరు గుర్తు మీద అంకెలు అడ్డంగా రాసి ఉంటే మామూలు కారు పోగల రోడ్డు అని అర్థం. అంకెలు ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటే ఎత్తైన బండి కావాలి. ఇది తెలియక క్యామ్రీ వేసుకుని నిలువు నంబరు రోడ్డెక్కినవాళ్లకు టోయింగ్ బిల్లు వచ్చాక ఉచితం అనే మాటే చేదవుతుంది. అక్కడికి లాగుడు బండి రావడమే గొప్ప, వచ్చినా ఆ ధర హోటల్ గదికి మించుతుంది.

మూడోది శాటిలైట్ బొమ్మ. ఎంవీయూఎంలో తెరిచి ఉన్న రోడ్డు వెంట జూమ్ చేసుకుంటూ పోతే, చిన్న కొమ్మలా చీలి ఆగిపోయే దారులు కనిపిస్తాయి. వాటి చివర మట్టి తేలిన గుండ్రటి మచ్చ ఉంటే అది ఏళ్ల తరబడి జనం దిగిన చోటు. కొత్త చోటును తొక్కి పాడు చేయడం కన్నా అలాంటి పాత చోటునే వాడమని ఫారెస్ట్ సర్వీస్ కూడా కోరుతుంది. సాయంత్రం సూర్యుడు ఏ కొండ వెనక పోతాడు, వాగు ఎంత దూరం, రోడ్డు నుంచి దుమ్ము వస్తుందా అనేవన్నీ ఇంట్లో సోఫాలో కూర్చునే తేల్చుకోవచ్చు. ఇలా ఒక రోడ్డు మీద మూడు నాలుగు మచ్చలు గుర్తు పెట్టుకుని వెళ్లాలి. మొదటిదాంట్లో ఎవరో ఉంటారు, అది మామూలే.

పిన్నుల యాప్‌లు చివరికి. ఐఓవర్‌లాండర్, ది డర్ట్, క్యాంపెండియం లాంటి వాటిలో జనం రాసిన అనుభవాలు పనికొస్తాయి: సిగ్నల్ ఉందా, రోడ్డు గుంతలమయమా, రాత్రి బళ్ల మోత ఉందా. కానీ రెండేళ్ల కిందటి రివ్యూ ఆ నేల మీద ఇప్పుడున్న ఆర్డర్ సంగతి చెప్పదు. పైగా పిన్నుకు ఇంకో గుణం ఉంది. అది చూపించిన చోటును అదే తినేస్తుంది. ఆరిజోనాలోని సెడోనాకు పడమటి వైపు మట్టిరోడ్ల వెంట ఒకప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఉండేవారు. జనం, చెత్త, మంటలు పెరిగాక ఇప్పుడు గుర్తించిన క్యాంపుల్లోనే ఉండాలి. కాలిఫోర్నియాలో మౌంట్ విట్నీ ఎదురుగా ఉన్న అలబామా హిల్స్ 2019లో నేషనల్ సీనిక్ ఏరియా అయింది, అక్కడా ఆ తరవాత ఇదే కథ. యూటాలోని మోయాబ్ చుట్టుపక్కల బీఎల్ఎం నేలలో చాలా భాగం గుర్తించిన సైట్లకే పరిమితం, మనిషి మలాన్ని కూడా డబ్బాలోనో సంచిలోనో తిరిగి తీసుకుపోవాలి. ఈ మూడూ ఇన్‌స్టాగ్రామ్‌లో బాగా తిరిగిన చోట్లే. అందుకే బాగా పేరున్న చోటుకు 40 మైళ్ల అవతల, పేరులేని రోడ్డును పటంలో వెతుక్కోవడమే దొరికే దారి.

డాలస్, హ్యూస్టన్ నుంచి

టెక్సస్ పెద్ద రాష్ట్రం, కానీ దాదాపు అంతా పట్టా భూమి. హ్యూస్టన్‌వాళ్లకు అదృష్టం కొద్దీ ఉత్తరాన గంట ప్రయాణంలో శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ ఉంది, 1.63 లక్షల ఎకరాలు. ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడ ఉచితంగా ఉండొచ్చు. జింకల వేట సీజన్‌లో మాత్రం గుర్తించిన క్యాంపుల్లోనే ఉండాలి. అది నియమమే కాదు, ప్రాణానికి సంబంధించిన సంగతి కూడా. ఆ రోజుల్లో పగలు నడిచినా ఆరెంజ్ జాకెట్ వేసుకోవాలి. టెక్సస్‌లో ఇంకో గుర్తు తెలియాలి: చెట్టు మానుకు ఊదారంగు నిలువు పట్టీ. దానర్థం ఇక్కడి నుంచి ప్రైవేటు, లోపలికి రావద్దని. బోర్డుకు ఎంత విలువో చట్టంలో దానికీ అంతే. ఎవరో ట్రెయిల్ గుర్తు వేశారనుకుని దాని వెంట నడిస్తే నేరుగా తప్పులోకే.

డాలస్‌వాళ్లు డెకేటర్ దగ్గరి ఎల్‌బీజే గ్రాస్‌ల్యాండ్స్‌కు పోవచ్చు, అక్కడా పచ్చగీత మధ్య ప్రైవేటు ముక్కలున్నాయి. ఓపిక ఉంటే ఆర్కన్సా, ఓక్లహోమాలలో పరుచుకున్న వాషిటా నేషనల్ ఫారెస్ట్ దాదాపు 18 లక్షల ఎకరాలు. డాలస్ నుంచి శుక్రవారం ఆఫీసు ముగించుకుని బయల్దేరితే చీకటి పడ్డాకే చేరతారు. ఇక్కడే ఒక సంగతి గట్టిగా చెప్పుకోవాలి. అదే వాషిటాలో, లిటిల్ మిసోరీ నది ఒడ్డున ఆల్బర్ట్ పైక్ అనే క్యాంప్‌గ్రౌండ్ ఉండేది. 2010 జూన్ 11 తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా, నది కొన్ని గంటల్లోనే 20 అడుగుల పైన పెరిగింది. 20 మంది చనిపోయారు. అది ప్రభుత్వం నడిపే క్యాంప్‌గ్రౌండ్, అయినా కొండల మధ్య ఆ లోయలో ఫోన్ సిగ్నల్ లేదు. ఏ పేరూ లేని వాగు ఒడ్డున మీరు ఒంటరిగా ఉన్నప్పుడు హెచ్చరించడానికి ఎవరుంటారు? చీకట్లో చేరిన చోటు వాగుకు ఎంత ఎత్తులో ఉందో కనిపించదు. నీటికి 200 అడుగుల దూరం ఉండమనే నియమం వాగును కాపాడటానికి పెట్టింది. మనల్ని కాపాడుకోవడానికి దూరం చాలదు, ఎత్తు కావాలి. ఎడారిలో ఎండిన వాగుల్లో ఇసుక మెత్తగా, చదునుగా, టెంటు కోసమే పరిచినట్టుంటుంది. పైన ఎక్కడో 30 మైళ్ల అవతల వాన పడితే చాలు.

నిప్పు

2011 మే 29న ఆరిజోనాలోని బేర్ వాలో వైల్డర్‌నెస్‌లో ఇద్దరు కజిన్లు వేసుకున్న క్యాంపుమంట ఆరిపోయిందనుకుని నడకకు వెళ్లారు. గాలి లేచింది. వాలో ఫైర్ అనే ఆ మంట 5.38 లక్షల ఎకరాలు కాల్చి న్యూమెక్సికోలోకి కూడా పోయింది, ఆరిజోనా చరిత్రలోనే అతిపెద్దది. వాళ్లు 37 లక్షల డాలర్లు కట్టాలని కోర్టు చెప్పింది. ఆ ఇద్దరూ దుర్మార్గులు కారు, అనుభవం లేనివాళ్లు కూడా కారు. బూడిదలో చెయ్యి పెట్టి చూడలేదు, అంతే. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చేతికి వెచ్చగా తగలనంత వరకు ఆరినట్టు కాదు. అందుకని నీళ్లు తాగడానికి వేరే, మంటకు వేరే తీసుకెళ్లాలి.

వేసవిలో చాలా ఫారెస్టులు ఆంక్షలు పెడతాయి. స్టేజ్ 1 అంటే సాధారణంగా క్యాంప్‌గ్రౌండ్‌లోని ఇనుప గూళ్లలో తప్ప ఎక్కడా మంట వేయకూడదు. అంటే ఉచిత చోట్లలో మంట పూర్తిగా బంద్, బొగ్గుల మీద బార్బెక్యూ కూడా. రాత్రంతా మసాలాలో నానబెట్టిన చికెన్ కూలర్‌లో పెట్టుకుని వచ్చినవాళ్లకు ఇది ముందే తెలియాలి. మూత తిప్పి ఆపగలిగే గ్యాస్ స్టవ్‌కు చాలాచోట్ల అనుమతి ఉంటుంది. స్టేజ్ 2 ఇంకా గట్టిది, క్యాంప్‌గ్రౌండ్‌లో కూడా మంట ఉండదు. కాలిఫోర్నియాలో ఆంక్షలు లేని రోజుల్లో కూడా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి. గ్యాస్ స్టవ్ వెలిగించడానికి కూడా అదే. ఆన్‌లైన్‌లో వీడియో చూసి, నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే ఉచితంగా వస్తుంది. పరిస్థితి చేయి దాటితే మొత్తం మూసేస్తారు. 2021 ఆగస్టు ఆఖరి నుంచి రెండు వారాల పాటు కాలిఫోర్నియాలో దాదాపు అన్ని నేషనల్ ఫారెస్టులకూ తాళం పడింది, లేబర్ డే వీకెండ్‌తో సహా. ఇంటి నుంచి దూరాలకు కట్టెలు తీసుకుపోవడం కూడా మంచిది కాదు. చెట్లను చంపే పురుగులు కట్టెల్లో దాక్కుని కొత్త అడవికి చేరతాయి. న్యూయార్క్‌లో శుద్ధి చేయని కట్టెలు 50 మైళ్లు దాటించకూడదు.

మిగతా నియమాలు క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. ఒకచోట సాధారణంగా 14 రోజులకు మించి ఉండకూడదు. బీఎల్ఎంలో 28 రోజుల్లో 14, ఆ తరవాత సాధారణంగా కనీసం 25 మైళ్ల దూరం జరగాలి. వీకెండ్‌వాళ్లకు ఇది పట్టే నియమం కాదు. మరుగు సంగతి మాత్రం అందరికీ పట్టేదే. నీటికీ దారికీ 200 అడుగుల, అంటే సుమారు 70 అంగలు వేసేంత దూరంలో, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గొయ్యి తవ్వి పూడ్చాలి. కాగితం సంచిలో వేసుకుని తిరిగి తేవాలి. చెంబు అలవాటున్నవాళ్లకు ఇక్కడొక సుఖం ఉంది, తేవాల్సిన కాగితమే ఉండదు. గిన్నెలు కూడా వాగులో కడగకూడదు, నీళ్లు తెచ్చుకుని దూరంగా కడగాలి. సబ్బు వాగులో కలిస్తే, అది మట్టిలో కలిసిపోయే రకం సబ్బయినా, చేపలకు ఒకటే.

ఎలుగుబంట్ల సంగతి ఫారెస్టును బట్టి ఉంటుంది. నార్త్ కరోలినాలోని పిస్గాలో కొన్ని భాగాల్లో బేర్ క్యానిస్టర్, అంటే ఎలుగుబంటి తెరవలేని గట్టి తిండి డబ్బా, తప్పనిసరి. లేని చోట కూడా తిండి, టూత్‌పేస్టు, వంటగిన్నెలు టెంటులో ఉండకూడదు. మన వంటలకు వాసన ఎక్కువ, ఆవకాయ మూత తీస్తే పక్క సైట్‌వాళ్లకే తెలుస్తుంది, మైళ్ల దూరం నుంచి వాసన పట్టే ఎలుగుబంటికి తెలియదా? తినేచోటు, పడుకునేచోటు వేరుగా ఉంచుకోవాలి. తలెత్తి చెట్లు చూడటం కూడా చాలామంది మరిచిపోతారు. కాలిన అడవిలో, పురుగు పట్టిన అడవిలో నిలువునా ఎండిన చెట్లు గాలి లేకపోయినా పడతాయి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా పటంలో దొరకని సమాచారం ఒకటి మిగులుతుంది: వారం కిందటి వానకు ఆ రోడ్డు కోసుకుపోయిందా, ఏ రోడ్డు మీద కలప లారీలు తిరుగుతున్నాయి, ఏ వైపు ఎండుటాకులు తగ్గించడానికి ఫారెస్ట్‌వాళ్లే ముందస్తు మంటలు వేస్తున్నారు. ప్రతి నేషనల్ ఫారెస్టునూ కొన్ని రేంజర్ డిస్ట్రిక్టులుగా విడగొట్టారు, ప్రతి దానికీ ఆఫీసు, ఫోను నంబరు ఉంటాయి. ఉచితంగా ఎక్కడ ఉండొచ్చు అని అడిగితే వెబ్‌సైట్ చూడమంటారు. రోడ్డు నంబరు చెప్పి, మీ కారు ఏదో చెప్పి, ఫలానా చోటుకు పోవచ్చా అని అడిగితే జవాబు వేరేగా వస్తుంది, ఒక్కోసారి దానికంటే మంచి రోడ్డు నంబరు కూడా దొరుకుతుంది. చాలా ఆఫీసులకు శని, ఆదివారాలు సెలవు, సాయంత్రం నాలుగు, నాలుగున్నరకే ఫోను తీయడం మానేస్తారు. శుక్రవారం రాత్రి దారిలో గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగి చేసే ఫోను మోగుతూనే ఉంటుంది. గురువారం లంచ్ టైములో చేయాలి.